సరుకుతో వెళ్లిన మనిషి

మొన్న కాశీకి రైలు టికెట్లు తీస్తూ మా మనవరాలు ఫోన్లో ఒకచోట ఆగి, "అమ్మమ్మా, ట్రావెల్ ఇన్సూరెన్స్ పెట్టమంటావా?" అని అడిగింది. దేనికి ఇస్తాడో, దేనికి ఇవ్వడో చదివి వినిపించమన్నాను. "అదంతా ఎవరు చదువుతారు" అంటూ నొక్కబోయింది. చేతి మీద ఒక్కటేశాను. ఎదిగిన పిల్లని కొట్టానని మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ప్రయాణంలో పోయిన మనిషికి ఏ పాలసీ పలుకుతుందో, ఏది పలకదో నేను చదివి నేర్చుకోలేదు. రోడ్డు మీద నెత్తురు చూసి నేర్చుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా పుట్టిల్లు నందిగామకు ఇవతల, హైదరాబాద్ రోడ్డును ఆనుకుని ఉన్న పల్లె. మా అక్కని జగ్గయ్యపేట పక్క ఊళ్లో ఇచ్చారు. నాకు అప్పటికి పెళ్లి కాలేదు. నందిగామ కాలేజీకి బస్సులో వెళ్లొస్తూ, ఇంట్లో అందరితో వాదనలు పెట్టుకుంటూ ఉండేదాన్ని. బావ మిరప వేసేవాడు. మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కాయల విషయంలో మాత్రం దేవుణ్ణి కూడా నమ్మడు. బస్తాలు గుంటూరు యార్డులో కాటా మీదకు ఎక్కేదాకా వాటి పక్కనుంచి కదిలేవాడు కాదు. ఆ రోజుల్లో మావైపు మిరప రైతులందరూ అంతే. కాయ లారీ ఎక్కిందంటే రైతూ ఎక్కాల్సిందే. దారిలో బస్తాకి నాలుగు దోసిళ్లు మాయమవుతాయని భయం.

ఆ ఏడు కాయ బాగా పండింది. పొలం తాకట్టు పెట్టి మందులు కొట్టిన పంట. జగ్గయ్యపేట లారీ ఆఫీసులో అడిగితే, నాపరాళ్లు సగం లోడుతో గుంటూరు వెళ్లే లారీ ఒకటి ఉందన్నారు. రాళ్ల మీద పట్టా పరిచి, దాని మీద బస్తాలు పేర్చారు. కిరాయి కట్టి, కాగితం రాయించుకుని, బావ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. క్లీనరు జ్వరమని ఆ రోజు రాలేదు. లారీ పొద్దు పొడిచే వేళకు మా ఊరి కల్వర్టు దాకా వచ్చింది.

మా ఇంటి ముందుకు పాలు పోసే మనిషి పరిగెత్తుకొచ్చి, "మీ అల్లుడుగారు లారీ కింద పడ్డారండి!" అని అరిచాడు. అమ్మ ఉన్నచోటే కూలబడింది. మా అన్నయ్య నోట్లో వేపపుల్ల ఊసేసి పరిగెత్తాడు. అతని వెనక ఊళ్లో మగాళ్లు. వాళ్ల వెనక నేను. ఆడపిల్లవి నీకెందుకని ఎవరో అన్నారు, నేను వినిపించుకోలేదు.

అడ్డం వచ్చిన ఎద్దుల బండిని తప్పించబోయి లారీ కల్వర్టు గోడను గుద్ది, బావ కూర్చున్న వైపుకే ఒరిగి పడింది. రోడ్డంతా ఎర్రగా ఉంది. అంతా నెత్తురే అనుకున్నాను. దగ్గరికి వెళ్తే అందులో సగం చినిగిన బస్తాల్లోంచి చిమ్మిన మిరపకాయలు. మిగతాది బావది. నలుగురు పట్టి ఆయన్ని బయటికి లాగారు. నడుము కింద మనిషి మిగల్లేదు. రోడ్డు పక్క టీ హోటలు మంచం మీద పడుకోబెట్టి గోనెపట్టా కప్పారు.

డ్రైవరు హోటలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారుతోంది. "బండి అడ్డమొచ్చిందండి, బండి అడ్డమొచ్చింది" అంటూనే, "మా రైతు ఎలా ఉన్నాడండి?" అని అడిగాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

అన్నయ్య అతని జుట్టు పట్టుకుని రోడ్డు మీదకు ఈడ్చాడు. యాక్సిడెంటు అయితే డ్రైవర్ని కొట్టాలి, అది మా రోడ్డు మీద రివాజు. ఎవడిది తప్పని ఎవరూ అడగరు. అడిగినవాడు చచ్చినవాడికి కానివాడు. మొదట చేతులతో కొట్టారు, తర్వాత కాళ్లతో. అన్నయ్యకు లారీ సామాన్లలోంచి జాకీ రాడ్డు దొరికింది. డ్రైవరు మొహానికి కుడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రాడ్డు మోచేతి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను "అయ్యా!" అన్నాడు. అన్నయ్య మళ్లీ ఎత్తాడు. అదే చోట మళ్లీ. మా అన్నయ్య చెడ్డవాడు కాదు, అందరూ అంటారు. ఆ రోజు అతని మొహం చూసినదాన్ని కనక నేను అనను. అందులో దుఃఖం ఉంది, నిజమే. ఇంతమంది చూస్తుండగా కొడుతున్నానన్న సంబరం కూడా ఉంది.

డ్రైవరు కదలడం మానేశాక లారీ వంతు వచ్చింది. డీజిలు ట్యాంకు పగలగొట్టారు. మా ఊరి పెద్దాయన ఒకరు, "ఒరేయ్, బస్తాలన్నా దించండ్రా, కాయలు మీ బావవేగా!" అన్నాడు.

"బావే పోయాక కాయలెవడిక్కావాలి!" అని అరిచి అన్నయ్య అగ్గిపుల్ల గీశాడు.

జనానికి ఆ మాట ఎంతో నచ్చింది. తర్వాత చాలా రోజులు దాన్ని చెప్పుకున్నారు కూడా.

మిరపకాయలు కాలితే ఎలా ఉంటుందో తాలింపులో ఒక్క ఎండుమిరపకాయ మాడ్చినవాళ్లకు కొంచెం తెలుసు. ఇక్కడ లారీడు కాలాయి. పొగ లేచిన క్షణంలో అంతమంది వీరులూ గొంతులు పట్టుకుని చేలల్లోకి పడి పరిగెత్తారు. కొట్టిన చేతులతోనే కళ్లు పొడుచుకున్నారు. వాంతులు చేసుకున్నారు. పొగ కింద డ్రైవరు రోడ్డు మీదే పడి ఉన్నాడు. టీ హోటలాయన తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, అతన్ని కాళ్లు పట్టి బావి దగ్గరికి లాక్కుపోయాడు. లేకపోతే ఆ రోజు రెండు ప్రాణాలు పోయేవి.

కబురంది అక్క బస్సులో వచ్చింది. పొగలోంచి పోనని బస్సు దూరంగా ఆగిపోతే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నడిచి వచ్చింది. అందరి కళ్లూ కారుతున్నాయి. ఏ నీళ్లు దుఃఖానివో, ఏవి ఘాటువో చెప్పలేని స్థితి. అక్క గోనెపట్టా తీసి బావని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి, "బస్తాలెక్కడ?" అంది.

ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మొగుడు పోతే కాయలడిగిందని ఊరంతా చెప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తాకట్టులో ఉన్న పొలం వాళ్లదా? చంకలో ఉన్న పిల్ల వాళ్లదా? బస్తాల సంగతి అక్కే పొగ వైపు చూసి తెలుసుకుంది.

పోలీసులు వచ్చేటప్పటికి కాలేవన్నీ కాలిపోయాయి. కాలనివి నాపరాళ్లు. అందుకని పంచనామాలో, రాళ్ల లోడుతో వెళ్తున్న లారీ అని రాసుకున్నారు. తగలబెట్టింది ఎవరంటే గుర్తు తెలియని వ్యక్తులు. గుర్తు తెలిసినవాళ్లంతా చుట్టూ నిలబడి తల ఊపారు.

దినాలయ్యాక నందిగామలో ఒక లాయరు గారి దగ్గరికి అక్కా, అన్నయ్యా, నేనూ వెళ్లాం. లారీకి ఇన్సూరెన్స్ ఉంది, నష్టపరిహారం వస్తే పొలం విడిపించుకోవచ్చని అక్క ఆశ. లేకపోతే పొలం పోతుంది. పొలం లేని కోడలు ఎందుకని అత్తవారింట్లో అప్పుడే సణుగుడు మొదలైంది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. లారీ పాలసీ ఒకటే అయినా అందులో మనుషులు ఒకటి కాదట. రోడ్డు మీద పోతూ లారీ కింద పడ్డవాడికి వస్తుంది. డ్రైవరుకీ, క్లీనరుకీ, లోడెత్తే కూలీకీ వస్తుంది. సరుకు వేసుకుని, కిరాయి కట్టి, ఆ సరుకుతో వెళ్లే రైతుకు గట్టిగా పోరాడితే కోర్టు ఇప్పిస్తుంది. రోడ్డు మీద చెయ్యెత్తి ఎక్కినవాడికి మాత్రం రాదు. లారీ సరుకుల బండి గాని బస్సు కాదు, ఎక్కడమే తప్పు.

"ఒకే సీట్లో కూర్చుని, ఒకేసారి చచ్చినా?" అన్నాను.

"ఒకేసారి చచ్చినా" అన్నాడాయన. "పంచనామా పట్టుకుని కంపెనీవాళ్లు అప్పుడే అడ్డం తిరిగారమ్మా. అది రాళ్ల లారీ, మీ బావగారు దారిలో ఎక్కిన ప్యాసింజరు అంటున్నారు. మిరప బస్తాలు ఉన్నాయనడానికి ఏముంది మన దగ్గర?"

కిరాయి కాగితం క్యాబిన్లో కాలిపోయింది. బస్తాలు కాలిపోయాయి. ఎక్కించిన హమాలీలు లారీ ఓనరు చేతికింద బతికేవాళ్లు. ఆ ఓనరు మా మీద పళ్లు నూరుతున్నాడు. అతని పాలసీలో అల్లరి మూకలు తగలబెడితే వర్తించదని రాసి ఉందట, దానికి వేరే కట్టాలట. మా ఊళ్లో వందమంది ఆ ఘాటుకి దగ్గారు. ఒక్కడు సాక్ష్యానికి రాడు. మిరపకాయలు కాలడం చూశానంటే, నువ్వక్కడ ఏం చేస్తున్నావని పోలీసు అడుగుతాడు. నేను వస్తానన్నాను. చనిపోయినవాడి మరదలి మాట నిలవదన్నాడు లాయరు.

"పోనీ, తగలబెట్టింది నేనేనని ఒప్పుకుంటే?" అని అన్నయ్య నసిగాడు.

"మీరు జైలుకి పోతారు, చెల్లెలి కోసం అబద్ధమాడారంటారు, ఈవిడకేమీ రాదు. కొరివితో తల గోక్కున్నారు మీరు" అన్నాడాయన. "మిగిలింది డ్రైవరొక్కడే. అతను చెప్తే నిలబడుతుంది."

డ్రైవరు ఊరు ముక్త్యాల వైపు. అక్కా నేనూ వెళ్లాం. ఊరి చివర పేటలో, చర్చి వెనక ఇల్లు. అతని భార్య మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు.

"స్టీరింగు తిప్పిన చెయ్యమ్మా అది. ఇప్పుడు అన్నం కలుపుకోలేడు, నేను తినిపిస్తున్నా. నుదుటికి తగిలింది చూసి ఇన్సూరెన్సోళ్లు ఇస్తామన్నారు. చేతికి ఇవ్వరంట. అది యాక్సిడెంటులో విరిగింది కాదంట. మీ అన్న విరగ్గొట్టాడంట!" అని అరిచి, చేతిలో ఉన్న చాట మా కాళ్ల ముందు విసిరికొట్టింది. నూకలు మా మీద చిందాయి.

అక్క కదల్లేదు. "డ్రైవరు గారూ" అని లోపలికి పిలిచింది. మా ఇంటి మనిషి నోట ఆ పేట మనిషికి 'గారూ' తగిలించడం నేను అదే మొదటిసారి వినడం.

అతను బయటికి వచ్చాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. అక్క చెప్పిందంతా విన్నాడు.

"నిజమేనమ్మా. ఆయన మా లారీ రైతే. బస్తాలకి తాడు బిగించింది నేనే. కోర్టులో చెప్తా. ఊరికే మాత్రం చెప్పను."

డబ్బడుగుతాడనుకున్నాం.

"మీ అన్న రావాలి. ఆ టీ హోటలు ముందు, ఆ రోజు చూసిన జనం చూస్తుండగా, చేతులు కట్టుకుని నుంచోవాలి. నేను కొడతా. ఎన్నంటే చెప్పలేను. ఆయనా ఆ రోజు లెక్కబెట్టలా."

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య రోకలి అందుకుని నీళ్ల కుండ పగలగొట్టాడు. "పేటలోవాడి చేత దెబ్బలు తినాలా నేను? నడిరోడ్డు మీద? ఇప్పుడే పోయి వాణ్ణి నరుకుతా!" అని గంతులేశాడు. అమ్మ అతని కాళ్లకు చుట్టుకుంది.

"నరుకు" అంది అక్క. "కాయలు తగలబెట్టావు, కాగితం తగలబెట్టావు, సాక్షొక్కడు మిగిలాడు. వాణ్ణీ నరికేస్తే నీ పని పూర్తవుతుంది. లేదా వచ్చి నుంచో. రేపు పొద్దున నువ్వు రాకపోతే నేను నందిగామ స్టేషన్‌కి పోతా. నాకేమీ రాకపోయినా పర్లేదు, అగ్గిపుల్ల గీసింది నువ్వేనని చెప్పి మరీ వస్తా."

అంత మెల్లగా అక్క ఎప్పుడూ మాట్లాడలేదు. అన్నయ్య రోకలి కింద పెట్టాడు.

మర్నాడు టీ హోటలు ముందు తిరునాళ్లలా జనం. కొట్టిన రోజు చేలల్లో పడి పరిగెత్తినవాళ్లంతా చొక్కాలు తొడుక్కుని చూడ్డానికి వచ్చారు. అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు హోటలు పొయ్యి దగ్గరున్న తుమ్మకట్టె ఒకటి తీసుకున్నాడు. కుడి చేత్తో ఎత్తబోయాడు. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. నొప్పికి మొహమంతా చెమటలు పట్టాయి. ఎడమ చేతికి మార్చుకుని ఒక దెబ్బ వేశాడు. అది అన్నయ్య భుజం మీద తూలి, కట్టె జారి కింద పడింది.

ఎవడో కిసుక్కున నవ్వాడు. దాంతో నలుగురు నవ్వారు. అన్నయ్య పెదవి మీద కూడా చిన్న నవ్వు కదిలింది. బతికిపోయానన్న నవ్వో, వీడా నన్ను కొట్టేదన్న నవ్వో అతనికే తెలియాలి.

అక్క ఆ నవ్వు చూసింది. వంగి కట్టె తీసుకుంది. డ్రైవరుకి ఇస్తుందనుకున్నాం. కొంగు దోపుకుని అన్నయ్య తొడల మీద బలంగా ఒక్కటి వేసింది. అన్నయ్య, "ఏమే!" అన్నాడు. రెండోది వీపు మీద. మూడోదానికి అతను మోకాళ్ల మీద పడ్డాడు. ఆపై నేను చూడగలిగినంతే చూశాను. మిరప తొక్కు దంచే చేతులవి, ఎక్కడా తడబడలేదు. "ఆయన ఏడాది పొడుగునా నీళ్లు కట్టాడు, అన్నయ్యా" అని ఒక దెబ్బ. "నా పిల్ల తిండి, అన్నయ్యా" అని ఒక దెబ్బ. ప్రతి దెబ్బకీ అన్నయ్యా అంటూనే ఉంది. కట్టె ఎడమ చెవి మీద పడి నెత్తురు చిమ్మింది. జనంలో ఒక్కడు ముందుకు రాలేదు. ఈసారి ఎవడూ నవ్వలేదు.

చివరికి డ్రైవరే అడ్డం వచ్చి, ఆ వంకర చేత్తో అక్క మణికట్టు పట్టుకున్నాడు. "చాలమ్మా, చచ్చిపోతాడు. వదిలెయ్యండి. నేను చెప్తా, చెప్తానన్నాగా" అన్నాడు. అతను ఏడుస్తున్నాడు. అక్క ఏడవలేదు.

బెజవాడ ట్రిబ్యునల్లో అతను అన్న మాట నిలబెట్టుకున్నాడు. రాళ్ల మీద పట్టా, పట్టా మీద బస్తాలు, తాడు ఎన్ని చుట్లు వేశాడో కూడా చెప్పాడు. కంపెనీ లాయరు అతని చెయ్యి చూపించి, "నిన్నిలా చేసినవాళ్ల తరఫున ఎందుకు చెప్తున్నావయ్యా? భయపెట్టారా?" అని అడిగాడు. "ఆయన సరుకు మా బండి మీద ఉందండి. ఉన్నదాన్ని లేదని ఎట్టా అంటానండి" అన్నాడు. ఆ తర్వాత చాలా నెలలకు తీర్పు వచ్చింది. బావ దారిలో ఎక్కిన ప్యాసింజరు కాదని, తన సరుకుతో వెళ్లిన మనిషని అందులో రాశారు. పొలం విడిపించి అక్క మళ్లీ మిరపే వేసింది.

అన్నయ్య ఎడమ చెవి మళ్లీ పనిచేయలేదు. దెబ్బల సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. రాకపోకలు మామూలుగానే సాగాయి. మేనకోడల్ని చదివించింది అన్నయ్యే. జగ్గయ్యపేట పని మీద వెళ్తే అక్క ఇంట్లోనే భోజనం. అక్క ఎప్పుడూ అతనికి ఎడమపక్కనే కూర్చుని వడ్డించేది. వినపడదని తెలుసుగా, ఇటు కూర్చోవే అని నేను చాలాసార్లు అన్నాను, వినేది కాదు.

ఒకసారి నేను ఆ పక్కనే ఉన్నాను. అక్క అన్నం వడ్డిస్తూ, అతని చెవి దగ్గరికి వంగి, ఏ కోపమూ లేని గొంతుతో, "నిన్ను ఇంకా కొట్టాలనుంది, అన్నయ్యా" అంది.

అన్నయ్య తల ఇటు తిప్పి, "ఏంటే?" అన్నాడు.

"పులుసు పొయ్యమంటావా అంటున్నా."

"పొయ్యి" అన్నాడు.